విరగని సూదులు

వారం రోజులుగా ఒక్క సూదీ విరగలేదు.

ఆ మాట మేనేజరు అందరి ముందూ అన్నాడు. పొద్దున్నే, మిషన్లు ఇంకా మొదలుకాకముందే, కుట్టు హాలు మధ్యలో నిలబడి, "మీ కొత్త సూపర్‌వైజరమ్మ చెయ్యి మంచిది. ఆవిడ వచ్చాక ఒక్క సూదీ పోలేదు, లైను ఒక్క పూటా ఆగలేదు" అన్నాడు. ఆడవాళ్ళు తలలు వంచుకుని విన్నారు. ఎవరో చప్పట్లు మొదలుపెడితే మిగతావాళ్ళు కలిశారు. ఆ చప్పట్ల మధ్య, ఆ కొత్త సూపర్‌వైజరు పిచ్చుక మాత్రం నేల చూస్తూ నిలబడింది.

పొట్టిగా, చురుగ్గా ఉంటుందని ఆమెకు ఆ పేరు. పోయిన నెల దాకా ఇదే హాల్లో, రెండో వరసలో కిటికీ పక్క మిషన్ మీద పసిపిల్లల గౌన్లకు చేతులు కుట్టేది. అందుకే ఆమెకు తెలుసు. చేతులూ, మెడపట్టీ, లోపలి గుడ్డా కలిసే చోట నాలుగు మడతలు పడతాయి. అక్కడ సూది విరక్కుండా ఉండదు. ఇంత పెద్ద వరసలో వారం పాటు ఒక్కటీ విరగలేదంటే, విరిగినవన్నీ ఎక్కడికో పోతున్నాయన్నమాట.

సూది విరిగితే చెయ్యాల్సింది ఒకటే. మిషన్ ఆపి చెప్పాలి. ముక్కలన్నీ ఏరి మెకానిక్ చేతిలో పెడితే కొత్త సూది ఇస్తాడు. ఒక్క ముక్క తగ్గినా ఆ చుట్టుపక్కల బట్టలన్నీ విప్పి వెతకాలి. పెద్ద ఫ్యాక్టరీల్లో సూదిమొనల్ని పసిగట్టే యంత్రాలు ఉంటాయట. ఇక్కడ ఉన్నవి అరచేతులూ, మెకానిక్ దగ్గర ఒక అయస్కాంతమూ. పెద్దవాళ్ళకు గుచ్చుకుంటే లాగి పారేస్తారు. నెలల బిడ్డయితే ఏడుస్తుంది. ఎందుకు ఏడుస్తుందో తల్లికి కూడా తెలీదు.

నియమం మంచిదే. దాన్ని పాడుచేసింది పాత సూపర్‌వైజరు. అతన్ని అందరూ గద్ద అనేవాళ్ళు. సూది విరిగినామెను, ముక్క దొరికేదాకా తలుపు పక్కన పీట మీద నిలబెట్టేవాడు. నీళ్ళకు వెళ్ళేవాళ్ళూ, మూటలు మోసేవాళ్ళూ అందరూ ఆమె ముందునుంచే నడవాలి. రెండు మూడుసార్లు నిలబడ్డాక ఆడవాళ్ళు వేరే దారి నేర్చుకున్నారు. బజార్లో సూదులు కొనుక్కుని ఏప్రాన్ అంచు మడతలో దాచుకునేవాళ్ళు. విరిగితే తల ఎత్తకూడదు. అరచేత్తో ఒక్కసారి బల్ల తుడిచి, దొరికిన ముక్క మడతలోకి, మడతలోని సూది మిషన్లోకి. పక్కన కూర్చున్నామెకు కూడా శబ్దం ఆగినట్టు తెలియకూడదు. పిచ్చుకా అలాగే చేసింది, ఎన్నోసార్లు.

సూపర్‌వైజరు అయిన రోజునే ఆమె ఆ పీటను గోడౌన్లో పడేయించి, లైను ముందు నిలబడి చెప్పింది. "సూది విరిగితే చెయ్యెత్తండి. ఎవరిదని అడగను. ఎక్కడ విరిగిందో చెప్తే చాలు, అందరం కలిసి వెతుకుదాం. ఎవరికీ ఏమీ కాదు. నా మాట."

నోరు మూతపడదని అందరూ రేడియో అని పిలిచే ఆమె రెండో వరసలోంచి అంది. "మాటలకేం లెండి మేడం, మా అత్త కూడా పెళ్ళిచూపుల్లో బాగానే మాట్లాడింది."

అందరూ నవ్వారు. పిచ్చుక కూడా నవ్వింది. కానీ ఆ 'మేడం' అన్న మాట ఆమెకు రాయిలా తగిలింది. అంతకు ముందు రోజు దాకా రేడియో ఆమెను "ఒసే పిచ్చుకా" అనేది. పక్కపక్క మిషన్లు వాళ్ళవి, ఒకరి టీ ఒకరు తాగేవాళ్ళు.

ఆ తర్వాత ఒక్క చెయ్యీ లేవలేదు.

*

మేనేజరు మెచ్చుకున్న రోజే, మధ్యాహ్నం భోజనాలయ్యాక చాలాసేపటికి, పెద్దమ్మ చెయ్యెత్తింది.

ఆ హాల్లో అందరికంటే ముందు చేరినామె పెద్దమ్మ. సగం మందికి పాదం కింద ట్రెడిల్‌ను ఎలా అదుపులో పెట్టుకోవాలో నేర్పింది ఆమే. కుడి చేతిని భుజం దాకా ఎత్తి, అరచెయ్యి కొంచెం వంచి, బడిలో సందేహం అడిగే పిల్లలా కూర్చుంది. మిగతా మిషన్లు ఒకటొకటిగా నెమ్మదించాయి. ఆమెను చూడగానే పిచ్చుక మనసులో మొదట కలిగింది సంతోషం. ఆ సంతోషం ముఖం మీద కనిపించిందని ఆమెకే తెలిసింది.

"ఎక్కడ పెద్దమ్మా?"

"చంక దగ్గర. మొన కనిపించట్లేదు."

పిచ్చుక మిషన్ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. చెప్పులు విప్పించి అరికాళ్ళు చూసింది. నేల ఊడ్చి దుమ్మును తెల్ల కాగితం మీద పోసి అయస్కాంతం తిప్పింది. ఆ పూట పెద్దమ్మ ముందునుంచి కదిలిన గౌన్లన్నీ తెచ్చి కుట్లు వేళ్ళతో నొక్కి చూశారు. లేదు. కుట్లు విప్పి చూశారు. లేదు. సాయంత్రం అవుతుండగా మేనేజరు మెట్లు దిగి వచ్చాడు.

"లైను ఎందుకు ఆగింది?"

"సూది విరిగింది సార్. మొన వెతుకుతున్నాం."

"ఎవరిది?"

పిచ్చుక మాట్లాడలేదు. కానీ వరసలో సూది లేని మిషన్ ఒక్కటే ఉంది. మేనేజరు దాని దగ్గరికి నడిచి, పెద్దమ్మ కళ్ళద్దాల వైపు చూశాడు. అతను గద్దలాంటివాడు కాదు. గొంతు కూడా పెంచలేదు.

"కళ్ళు బాగా తగ్గినట్టున్నాయి పెద్దమ్మా."

"తగ్గాయి బాబూ."

"పసిపిల్లల బట్టలు కదా. రేపట్నుంచి ఇంటి పట్టున ఉండండి. జీతం లెక్క చూసి పంపిస్తాం."

పిచ్చుక ఒక అడుగు ముందుకు వేసింది. 'నేను మాటిచ్చాను సార్' అన్న మూడు ముక్కలు పెదవి దాటలేదు. మేనేజరు పైకి వెళ్ళిపోయాడు.

పెద్దమ్మ తొందరపడలేదు. మిషన్ మీద గుడ్డ కప్పింది. దారాలు కత్తిరించే చిన్న కత్తెర పక్క సీటామెకు ఇచ్చింది. పీలికలతో తను కుట్టుకున్న దిండును కుర్చీ మీదనుంచి తీసి, దులిపి, చంకలో పెట్టుకుంది. తలుపు దగ్గర ఒక్కసారి ఆగి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి చూసి, వెళ్ళిపోయింది. హాల్లో ఉన్నవాళ్ళందరూ పిచ్చుక వైపు చూశారు. తర్వాత చూడటం మానేశారు.

ఆమె గేటు దాటిన కాసేపటికి మెకానిక్ మిషన్ విప్పాడు. గుడ్డను ముందుకు తోసే ఇనుప పళ్ళ సందులో మొన ఇరుక్కుని ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని పిచ్చుకకు చూపించాడు.

"ఇక్కడే ఉంది. బయటికి పోనే లేదు" అన్నాడు. అరచెయ్యి అలాగే చాచి నిలబడ్డాడు.

*

మర్నాడు లైను గాలికంటే జోరుగా నడిచింది. ఒక్క సూదీ విరగలేదు. మధ్యాహ్నం టీ దగ్గర, పక్కపక్క మిషన్ల మీద కూర్చునే వదినా మరదళ్ళిద్దరూ గుసగుసలాడుకుంటూ పిచ్చుక రాగానే ఆపేశారు. రేడియో కూడా ఆ రోజంతా మోగలేదు.

సాయంత్రం పిచ్చుక పెద్దమ్మ ఇంటికి వెళ్ళింది. వీధి చివర, మేడ మీద ఒక్క గది. పెద్దమ్మ, ఆమె చెల్లెలు ఉంటారు. చెల్లెలికి చెవుడు. తలుపు ఎంత కొట్టినా లాభం లేక పిచ్చుక కిటికీలోంచి పిలిచింది.

"రా, రా. దానికి చెవులు లేవు, నాకు కళ్ళు లేవు. ఇద్దరం కలిసి ఒక మనిషి పని చేస్తున్నాం" అంది పెద్దమ్మ గడియ తీస్తూ. కుర్చీ చూపించింది. ఆ దిండు కిటికీ గూట్లో ఉంది.

పిచ్చుక కూర్చోలేదు. "మొన దొరికింది పెద్దమ్మా. మిషన్ పళ్ళ కిందే ఉంది."

"దొరికిందా. మంచిది."

"నేను నోరు తెరవలేదు."

"చూశాను. ఆ మాత్రం కనిపిస్తుంది."

చెల్లెలు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, ఏదో అర్థమైనట్టు లేచి టీ పెట్టడానికి వెళ్ళింది. పెద్దమ్మ తన చేతివేళ్ళు ఒకదాని మీద ఒకటి రాసుకుంది. చూపుడువేలి చివర ఎన్నో ఏళ్ళ సూదిపోట్లతో గట్టిపడి, కాయలా నున్నగా ఉంది.

"కళ్ళు నిజంగానే పోతున్నాయే అమ్మాయీ. ఏదో ఒక రోజు ఆ కుర్చీలోంచి లేవాల్సిందే. కాకపోతే నేను లేవాలనుకున్నాను. నన్ను లేపారు. అదొక్కటే నొప్పి."

"రేపు వెళ్ళి మాట్లాడతాను."

"మాట్లాడేదేదో ఉంటే, ముందు ఇది విను." పెద్దమ్మ గొంతు తగ్గించింది, చెల్లెలికి వినిపించదని తెలిసి కూడా. "నిన్న విరిగింది మొదటిది కాదు. ఈ వారంలో ఇంకో రెండు విరిగాయి నా దగ్గర. రెండిటి మొనలూ దొరకలేదు. చెయ్యెత్తలేదు. గద్ద భయం ఇంకా వెన్నులోనే ఉంది. ఆ గౌన్లు పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. రెండు రాత్రులు కన్ను మూత పడలేదు. మూడోది విరిగినప్పుడు ఇక చెయ్యి దానంతటదే లేచింది."

పిచ్చుక కుర్చీలో కూర్చుండిపోయింది. రేపు పొద్దున్న లారీ వస్తుంది. ఈ వారం కుట్టిన లాటు మొత్తం అట్టపెట్టెల్లో టేపు వేసి సిద్ధంగా ఉంది.

"ఇది నేను నీకు చెప్పకపోయినా నడిచేది. ఎవరికీ తెలీదు" అంది పెద్దమ్మ. "చెప్పాను. ఇక నీ ఇష్టం. నా పేరు చెప్పినా సరే. పోయిన దానికి మళ్ళీ పోయేదేముంది."

టీ వచ్చింది. ముగ్గురూ తాగారు. వెళ్ళేటప్పుడు పెద్దమ్మ మెట్ల దాకా వచ్చి, చీకట్లో మెట్టు ఎక్కడుందో కాలితో వెతికి, పిచ్చుక చెయ్యి పట్టుకుని మొదటి మెట్టు మీద నిలబెట్టింది. కళ్ళు లేనిది ఆమెకు, దారి చూపించుకోవాల్సి వచ్చింది మాత్రం తనకు, అనుకుంది పిచ్చుక.

*

లారీ వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. మూడు పెట్టెలు అప్పటికే ఎక్కించారు. పిచ్చుక కూలీలను ఆగమని చెప్పి, మెట్లెక్కి మేనేజరు గదిలోకి వెళ్ళింది.

"లాటు పంపకండి సార్. అందులో సూదిమొనలున్నాయి."

మేనేజరు పెన్ను కింద పెట్టాడు. "వారం రోజులుగా ఒక్కటీ విరగలేదన్నారు."

"విరగలేదని నేననలేదు సార్. ఎవరూ చెయ్యెత్తలేదు, అంతే. మీరు మెచ్చుకున్నప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు."

"ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరిదని అడగనని మాటిచ్చాను సార్ వాళ్ళకి."

"అలాంటి మాట ఇవ్వమని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నా అంతట నేనే ఇచ్చాను. అందుకే ఒక మనిషి వెళ్ళిపోయినా నోరు మూసుకుని నిలబడ్డాను." ఈసారి ఆమె ఆగలేదు. "లారీ వెళ్ళాక ఏ తల్లికో తెలిస్తే అది మన చేతుల్లో ఉండదు. ఇప్పుడు విప్పితే ఒక పూట పోతుంది. ఏమీ దొరక్కపోతే ఆ పూట నాది. నన్ను పంపించెయ్యండి."

మేనేజరు కిటికీలోంచి లారీ వైపు చాలాసేపు చూశాడు. డ్రైవరు టైరు మీద కాలు పెట్టుకుని ఆవులిస్తున్నాడు.

"మధ్యాహ్నం దాకా" అన్నాడు.

పెట్టెలన్నీ హాల్లోకి తెచ్చారు. మిషన్లు పక్కకు జరిపి నేల మీద తెల్ల గుడ్డలు పరిచారు. ఆడవాళ్ళు గోడల వెంబడి నిలబడి చూస్తున్నారు. ఎవరి చెయ్యి వాళ్ళ ఏప్రాన్ అంచు మీద ఉంది. పిచ్చుక మొదటి పెట్టె టేపు చించి, లేచి నిలబడింది.

"ఆ రోజు నేను మీకు ఎవరికీ ఏమీ కాదని మాటిచ్చాను. ఆ మాట నిలబెట్టే అధికారం నాకు లేదు. అది తెలుసుకోకుండానే ఇచ్చాను. పెద్దమ్మ నా మాట నమ్మి చెయ్యెత్తింది. నేను నోరు తెరవలేదు. ఇవాళ కూడా ఎవరికీ ఏమీ కాదని చెప్పలేను. నాకే తెలీదు. ఎవరినైనా ఏమైనా అంటే పక్కన నిలబడతాను. నా చేతిలో ఉన్నది అంతే." ఆమె పెట్టెలోంచి ఒక గౌను తీసి పైకెత్తింది. "ఇవి తొడుక్కునేవాళ్ళకు మాటలు రావు. వెతుకుదాం."

ఎవరూ కదల్లేదు. తర్వాత రేడియో వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. "రాండమ్మా, రాండి. నిలబడితే బట్టలు వాటంతటవే విప్పుకుంటాయా" అంది, గొంతు మారింది కానీ మాట తీరు అదే.

అందరూ కూర్చున్నారు. గౌను తిరగేసి, ఎడమ చెయ్యి లోపల పెట్టి, కుడి బొటనవేలితో కుట్టు మీద మెడ నుంచి చంక దాకా, చంక నుంచి అంచు దాకా నొక్కుకుంటూ పోవాలి. అనుమానం వస్తే అయస్కాంతం. పసిపిల్లల చేతులంత చేతులు ఆ గౌన్లకు. రెండు వేళ్ళకంటే ఎక్కువ దూరవు. హాల్లో బట్టలు మడిచే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎప్పుడూ మిషన్ల రొదలో అరుచుకుని మాట్లాడుకునేవాళ్ళకు ఆ నిశ్శబ్దం కొత్తగా ఉంది. ఎవరు చిన్నగా దగ్గినా అందరూ తలెత్తుతున్నారు.

మొదటి మొన వదిన దగ్గర దొరికింది. ఆమె దాన్ని గోటితో లాగి, మధ్యలో పరిచిన తెల్ల గుడ్డ మీద పెట్టింది. కాసేపటికి రెండోది. పెద్దమ్మ చెప్పిన రెండూ దొరికాయి. ఆపమని చెబుదామనుకుని పిచ్చుక మళ్ళీ ఆగింది. సగం పెట్టెలు ఇంకా విప్పనే లేదు.

మూడోది మూలన కూర్చున్న మరదలి దగ్గర దొరికింది. పిచ్చుక దాన్ని చూస్తూ ఉండిపోయింది. తర్వాత నాలుగోది. మధ్యాహ్నం కావస్తుండగా, అడుగు పెట్టెలో, మెడపట్టీ లోపల అడ్డంగా దాక్కున్న ఐదోది.

మేనేజరు వచ్చేసరికి గుడ్డ మీద ఐదు మొనలున్నాయి. బియ్యపు గింజంత లేవు ఒక్కొక్కటీ. అతను వంగి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని చూశాడు.

"ఇవన్నీ పెద్దమ్మవేనా?"

అడిగింది పిచ్చుకను. కానీ ఆమె జవాబు చెప్పకముందే హాల్లో ఏదో మారింది. అవునంటే సరిపోతుంది. పెద్దమ్మ ఎలాగూ వెళ్ళిపోయింది. మొన మీద పేరు రాసి ఉండదు. ఆ సంగతి అందరికీ ఒకేసారి తోచినట్టు, అందరి చేతులూ ఒళ్ళో బట్టల మీద ఆగిపోయాయి. పిచ్చుక తల అడ్డంగా ఊపింది. "ఆవిడవి రెండే సార్. తన పేరు చెప్పినా సరేనంది."

వదిన తల వంచుకునే చెప్పింది. "ఒకటి నాది."

మరదలు ఆమె మోచెయ్యి పట్టుకుంది, ఆపడానికేమో. వదిన ఏప్రాన్ అంచు విప్పి, అందులో గుచ్చి ఉన్న సూదులు తీసి గుడ్డ మీద పెట్టింది. బజారు సూదులు, కొత్తవి. అప్పుడు మరదలు తన అంచు విప్పింది. "నాలుగోది నాది కావచ్చు. సోమవారం ఒకటి విరిగింది" అంది. గోడ దగ్గరున్న ఇంకొకామె మొనల సంగతి ఎత్తకుండా, లేచి వచ్చి సూదులు మాత్రం పెట్టి వెళ్ళింది. తర్వాత ఇంకొకామె. మేనేజరు ఒక్కొక్కరి ముఖం వంకా చూస్తున్నాడు. అతని ముఖంలో కోపం కోసం అందరూ ఎదురుచూశారు. అది వచ్చినట్టే వచ్చి, ఎక్కడ దిగాలో తెలియక తిరిగిపోయింది. ఇంత మందిని ఇంటికి పంపితే లైనే ఉండదు.

"వారం రోజులుగా నేను దేన్ని మెచ్చుకుంటున్నట్టు?" అన్నాడు చివరికి, తనలో తనే అనుకున్నట్టు.

నడుం నిటారు చేసి, పిచ్చుకతో అన్నాడు. "రేపు పెద్దమ్మను రమ్మనండి."

"అడుగుతాను సార్. వస్తుందని మాత్రం మాటివ్వలేను."

"మిషన్ మీద కాదు. కళ్ళు లేవు కదా."

"అది కూడా ఆవిడే చెప్పాలి సార్, తను ఎప్పుడు లేవాలో."

మేనేజరు గుడ్డ మీద మొనల్ని మళ్ళీ చూశాడు. "పెద్దమ్మవి రెండు. వీళ్ళిద్దరివీ రెండు. ఐదోది?"

బయట లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. మేనేజరు నిలబడే ఉన్నాడు. ఆ మొన ఎవరిదో పిచ్చుకకు తెలుసు. అడుగు పెట్టెలోవి ఏ మిషన్ మీద మెడపట్టీ వేసిన గౌన్లో, ఆ కుట్టు ఎవరి చేతిదో ఆమెకు చూడగానే తెలుస్తుంది. ఎన్నో ఏళ్ళు ఆ చేతి పక్కనే కూర్చుంది.

"దొరికింది కదా సార్" అంది. "అది చాలు. పెట్టెలు మూయించమంటారా?"

*

సాయంత్రం గేటు దగ్గర రేడియో ఆమె కోసం ఆగి ఉంది. ఇద్దరూ బస్టాపు దాకా కలిసి నడిచారు. రేడియో దారంతా మాట్లాడింది. అత్త మోకాలి నొప్పి గురించి, కొడుకు చెప్పులు అప్పుడే చిన్నవైపోవడం గురించి, లారీ డ్రైవరు ఆవులిస్తుంటే నోట్లోకి ఈగ వెళ్ళిన సంగతి గురించి. పిచ్చుక ఊ కొట్టింది. అవసరమైన చోట నవ్వింది కూడా.

బస్సు వచ్చింది. రేడియో మెట్టు మీద ఒక కాలు పెట్టి, కమ్మీ పట్టుకుని, ఎక్కకుండా నిలబడింది. పెదవులు కదిలాయి. దారంతా ఆగని నోట్లోంచి ఆ ఒక్క మాట మాత్రం రాలేదు. వెనకవాళ్ళు తోసుకుంటున్నారు.

"ఎక్కవే" అంది పిచ్చుక. "తొందరేం లేదు. రేపు కూడా నేను అక్కడే ఉంటాను."

రేడియో ఎక్కింది. కిటికీ పక్కన చోటు దొరికితే కూర్చుని, అద్దం మీద అరచెయ్యి ఆనించి ఉంచింది. బస్సు మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి కనిపించింది.